వెళ్లొచ్చే గడియారం: ఒక తయారీ డైరీ

మొదటి వారం

మన ఇళ్లలో గడప దాటేవాళ్లు వెళ్తానని చెప్పరు, వెళ్లొస్తానని చెబుతారు. నేను చేయదలచుకున్న గడియారానికి ఆ ఒక్క మాటే ఆధారం. బల్ల మీద పెట్టుకునే ఈ గడియారంలో ఒక మీట నొక్కగానే రెండు ముళ్లూ ఉన్న సమయాన్ని వదిలి ముందుకో వెనక్కో పరుగెత్తాలి, ఎన్ని రోజుల దూరం పోయాయో పక్కనున్న చిన్న డయళ్లు లెక్క చూపాలి, నడుమ ఉన్న బొత్తాం నొక్కితే అవి తాము లేనప్పుడు గడిచిన నిమిషాలను కూడా కలుపుకొని అప్పటి సరైన సమయం మీదికి వచ్చి నిలబడాలి. బ్యాటరీ, మోటారు, చిప్పు ఏవీ ఉండకూడదు. కీ ఇచ్చిన స్ప్రింగు బలం తప్ప మరో బలం వాడకూడదు.

ఈ ఊహకు మూలం హెచ్. జి. వెల్స్ 1895లో ప్రచురించిన నవలలోని కాలయంత్రం. నికెలు, దంతం, స్ఫటికం కలిపి చేసిన ఆ యంత్రానికి రెండు తెల్లని మీటలుంటాయి. ఒకటి భవిష్యత్తుకు, రెండోది గతానికి. దాని మీది నాలుగు డయళ్లలో మొదటిది రోజులను, రెండోది వేల రోజులను, మూడోది పది లక్షల రోజులను, నాలుగోది వంద కోట్ల రోజులను లెక్కపెడుతుంది. ఆ నవల చదివినవాళ్లకు సాధారణంగా గుర్తుండేది భవిష్యత్తులోని మనుషుల సంగతి. హైదరాబాదు బాలానగర్ టూల్‌రూముల్లో, అంటే అచ్చులూ పనిముట్లూ చేసే కార్ఖానాల్లో, ఇరవై ఏళ్లు పనిచేసిన నాకు మాత్రం ఆ నాలుగు డయళ్ల మధ్య వెయ్యికి ఒకటి చొప్పున ఉండి తీరవలసిన పళ్ల చక్రాల వరసే కళ్ల ముందు ఆడింది.

ఖరీదైన గడియారాల లోకంలో ఇటువంటి కల్పనలకు కొదవ లేదు. 1839లో ఫ్రాన్స్‌లో మొదలైన గడియారాల సంస్థ లెపే, జెనీవాకు చెందిన ఎంబీ అండ్ ఎఫ్‌తో కలిసి 2014లో అంతరిక్ష నౌకను తలపించే బల్ల గడియారాన్ని విడుదల చేసింది. దానికి ఒకసారి కీ ఇస్తే నలభై రోజులు నడుస్తుంది. నా పనికి మరింత దగ్గరి చుట్టం 2011లో ఎర్మెస్ తెచ్చిన చేతి గడియారం: బొత్తాం నొక్కితే దాని ముళ్లు సమయం చూపడం మానేసి పన్నెండు దగ్గరికి పోయి నిలబడతాయి, మళ్లీ నొక్కితే లోపల ఆగకుండా నడిచిన సమయాన్ని అందుకుంటాయి. కొనే స్తోమత లేనివాడికి చేసుకునే హక్కు ఉంటుందన్న ధైర్యంతో ఈ డైరీ మొదలుపెడుతున్నాను.

ఆదివారం సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లి కుక్ అండ్ కెల్వీ వారి సంగీత గడియారం ముందు అరగంట కూర్చున్నాను. గంట కొట్టే వేళకు తలుపు తెరుచుకొని ఒక చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టి లోపలికి పోతుంది. జనం చేతిలోని ఫోన్లలో సెకన్లతో సహా సమయం ఉండగా, ఆ బొమ్మ రాకపోకల కోసం నేల మీద కూర్చుని మెడలు చాచి చూస్తున్నారు. నా గడియారం చూడ్డానికి ఎలా ఉండాలన్నది నాకు అక్కడే తేలింది: యంత్రం దాక్కోకూడదు, కదలిక మొత్తం గాజు వెనక కనబడాలి.

మూడో వారం

లెక్కలు పూర్తయ్యాయి. ఎస్కేప్‌మెంట్‌ను, అంటే స్ప్రింగు బలాన్ని దెబ్బకు కొంచెం చొప్పున వదిలే భాగాన్ని, అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రంతో సహా స్వయంగా చేసే సాహసం చేయడం లేదు. పాత బండి గడియారాల్లో (ప్రయాణాల్లో వెంట తీసుకెళ్లే క్యారేజ్ క్లాకుల్లో) వాడే పద్ధతిలో, ఒక చిన్న పలక మీద అమర్చి అమ్మే లీవర్ ఎస్కేప్‌మెంట్‌ను కొన్నాను. అది గంటకు 18,000 సార్లు, అంటే సెకనుకు అయిదు సార్లు కొట్టుకుంటుంది. దాని ఎస్కేప్ చక్రానికి పదిహేను పళ్లు. పన్నుకు రెండు దెబ్బల చొప్పున ఒక చుట్టుకు ముప్పై దెబ్బలు, ఆరు సెకన్లు. నిమిషాల ముల్లు ఇరుసు గంటకు ఒక్క చుట్టు తిరిగేలోగా ఎస్కేప్ చక్రం 600 చుట్లు తిరగాలి. మధ్య చక్రానికి 80 పళ్లు, అది తిప్పే పినియనుకు (చిన్న పళ్ల చక్రానికి) 10. తరువాతి చక్రానికి 75, దాని పినియనుకు 10. ఆ తరువాత 80, 8. ఎనిమిది ఏడున్నరలు అరవై, అరవై పదులు ఆరు వందలు. నడుమ అరవై దగ్గర పడే ఇరుసు నిమిషానికి సరిగ్గా ఒక చుట్టు తిరుగుతుంది కాబట్టి సెకన్ల ముల్లు ఉచితంగా దొరికింది.

స్ప్రింగు డబ్బాకు 84 పళ్లు, మధ్యలో ఒక చక్రం, మొత్తం మీద డబ్బా ఒక చుట్టు తిరగడానికి 35 గంటలు పట్టే ఏర్పాటు. డబ్బా అయిదున్నర చుట్లు తిరిగితే 192 గంటల ముప్పై నిమిషాలు. వారానికి ఒకసారి కీ ఇస్తే ఒక రోజు మిగులు ఉంటుంది. ప్రయాణానికి వేరే డబ్బా, వేరే స్ప్రింగు. సమయాన్ని నడిపే బలంలోంచి ప్రయాణానికి చిటికెడు కూడా అప్పు తీసుకోకూడదన్నది మొదటి నిబంధన. ఆ నిబంధనను కాగితం మీద రాసుకోవడం ఎంత సులువో నిలబెట్టుకోవడం ఎంత కష్టమో పదిహేడో వారంలో తెలిసింది.

ఇక్కడ ఒక దొంగ లెక్క ఉందని ముందే ఒప్పుకుంటాను. మొదటి డయలు ఒక చుట్టుకు వెయ్యి రోజులు చూపాలి. ఆ చుట్టు నాలుగు సెకన్లలో పూర్తి కావాలని నా కోరిక. అసలైన నిష్పత్తి పాటిస్తే ఆ నాలుగు సెకన్లలో నిమిషాల ముల్లు 24,000 చుట్లు తిరగాలి. అది గడియారం కాదు, ఫ్యానుకన్నా ఘోరం. అందువల్ల ప్రయాణంలో ముళ్లు తమకు అందమైన వేగంలో తిరుగుతాయి, దూరం లెక్క మాత్రం చిన్న డయళ్లదే.

అయిదు నుంచి తొమ్మిదో వారం వరకు

చక్రాలు కోయడం. 3 మిల్లీమీటర్ల ఇత్తడి రేకు, 0.6 మాడ్యూల్ (పన్ను పరిమాణపు కొలత) కట్టరు, మిల్లింగ్ యంత్రం మీద చక్రాన్ని సమాన భాగాలుగా తిప్పే డివైడింగ్ హెడ్. దాని నిష్పత్తి నలభైకి ఒకటి కనుక ఎనభై పళ్ల చక్రానికి పన్ను పన్నుకూ పిడిని సగం చుట్టు తిప్పితే చాలు. 75 పళ్లకు పదిహేను రంధ్రాల వలయంలో ఎనిమిది ఖాళీలు లెక్కపెట్టాలి. లెక్క తప్పేది చివరి పది పళ్లలోనే. ఒక చక్రంలో ఆఖరి పన్ను సగం మందాన వచ్చింది. ఫోనులో మాట్లాడుతూ కోసిన పాపం.

పినియన్లు సిల్వర్ స్టీలుతో (పేరులోనే వెండి, నిజానికి గట్టిపరచగల ఉక్కు) చేశాను. చెర్రీ ఎరుపు వచ్చేదాకా కాల్చి నూనెలో ముంచినప్పుడు ఆరింటిలో ఒకటి అరటి కాయలా వంగింది. నిలువుగా ముంచవలసినదాన్ని ఏటవాలుగా ముంచడమే కారణం. పళ్ల సందులను పుల్లతో, పాలిష్ ముద్దతో మెరిసేదాకా రుద్దడానికి ఒక్కొక్కదానికీ రెండేసి సాయంత్రాలు పట్టాయి. గడియారం లోపల ఎవరికీ కనబడని ఈ మెరుపే దాని ఆయుష్షు. గరుకు పినియను మెత్తని ఇత్తడి పళ్లను కొద్ది కాలంలోనే తినేస్తుంది.

పదకొండో వారం

రెండు పలకల మధ్య చక్రాలన్నీ బిగించి, స్ప్రింగుకు రెండు చుట్లు మాత్రమే కీ ఇచ్చాను. గడియారం తనంత తానే మొదలైంది. టిక్కులు విని గడియారం నడకను కొలిచే టైమ్‌గ్రాఫర్ మీద బ్యాలెన్స్ చక్రం ఊపు 265 డిగ్రీలు, రోజుకు 9 సెకన్లు తొందర. ఇంతవరకు ఇది మామూలు గడియారమే.

పదమూడో వారం

ఈ వారం రాయడానికి కొంచెం సిగ్గుగా ఉంది, అయినా రాయాలి.

ముళ్లు తిరిగి రావడానికి ఉపయోగపడే భాగం హార్ట్ క్యామ్. తమలపాకు ఆకారంలో ఉండే ఉక్కు బిళ్ల అది. స్విట్జర్లాండ్‌లో పుట్టి లండన్‌లో పనిచేసిన అడాల్ఫ్ నికోల్ 1844లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. స్టాప్‌వాచీలో ముల్లు ఎక్కడున్నా బొత్తాం ఒక్కసారి నొక్కగానే సున్నాకు రావడం దీనివల్లనే. బిళ్ల అంచు మీద ఒక రోలరు స్ప్రింగుతో ఒత్తుతూ ఉంటుంది. అంచు ఎక్కడ ఒత్తినా జారుడు ఉంటుంది, జారి జారి రోలరు ఆకు తొడిమ దగ్గరి నొక్కులో పడి ఆగుతుంది. నేను ఈ బిళ్లను సున్నాకు బదులు నడుస్తున్న ఇరుసుకు బిగించాను. బిళ్ల గడియారంతోబాటు తిరుగుతూనే ఉంటుంది. రోలరు మాత్రం ముల్లు గొట్టానికి అతుక్కొని ఉంటుంది. రోలరు నొక్కులో ఉన్నంతసేపు ముల్లు గడియారంతో పోతుంది, పైకెత్తితే ముల్లుకు స్వేచ్ఛ, దించితే ముల్లు ఎక్కడున్నా ప్రస్తుత సమయానికి జారి వస్తుంది.

పని సగానికి తగ్గించుకుందామన్న ఆశతో నిమిషాల ముల్లుకు ఒక్కదానికే హార్ట్ క్యామ్ పెట్టి, గంటల ముల్లును మామూలుగానే పన్నెండుకు ఒకటి నిష్పత్తిలో దానికి జోడించాను. మొదటి ప్రయాణం ముగిసింది, బొత్తాం నొక్కాను, నిమిషాల ముల్లు చక్కగా 4:17లోని 17 మీదికి వచ్చింది. గంటల ముల్లు తొమ్మిది దాటి నిలబడింది. నిమిషాల ముల్లు ఒక్క చుట్టులోపు దారిలోనే ఇల్లు చేరుతుంది. తాను ఎన్ని చుట్లు తిరిగి వచ్చిందన్న జ్ఞాపకం దానికి ఉండదు కదా. పాతబస్తీలో నలభై ఏళ్లుగా గడియారాలు బాగుచేస్తున్న మాస్టారికి చూపిస్తే ఆయన భూతద్దం తీయకుండానే నవ్వారు. "పెద్ద ముల్లు ఇల్లు చేరింది బాబూ, చిన్న ముల్లు ఇంకా ఊళ్లోనే తిరుగుతున్నది. రెంటికీ ఒక్క తాళంచెవి ఇస్తే ఎట్లా?"

గంటల ముల్లుకూ సొంత హార్ట్ క్యామ్ పెట్టాలి, అది కంటికి కనబడని అసలు గంటల చక్రానికి బిగించి ఉండాలి, ప్రయాణంలో రెండు ముళ్లను విడివిడిగా తిప్పాలి. ముందు పలకను పూర్తిగా మళ్లీ గీశాను.

పదిహేనో వారం

రెండు హార్ట్ క్యామ్‌లు 2 మిల్లీమీటర్ల గేజ్ ప్లేటు (చదునైన ఉక్కు పలక) నుంచి చేశాను. నొక్కు దగ్గర వ్యాసార్ధం 3 మిల్లీమీటర్లు, ఎదుటి కొన దగ్గర 7. మధ్యలో ప్రతి పది డిగ్రీలకూ సమానంగా పెరగాలి. గుర్తులు పెట్టుకొని ఆకురాయితో, ఆపైన సాన రాయితో అరగదీశాను. సమంగా పెరిగే అంచు వల్ల లాభం ఏమిటంటే, ముల్లు పదిహేను నిమిషాల దూరంలో ఉన్నా ఇరవై అయిదు నిమిషాల దూరంలో ఉన్నా దానిని ఇంటికి లాగే బలం దాదాపు ఒక్కటే.

బిగించి చూస్తే ముల్లు వస్తోంది కానీ సరిగ్గా అదే చోటికి రావడం లేదు. ఒక్కోసారి 20 సెకన్లు ముందు, ఒక్కోసారి 30 సెకన్లు వెనక. నిమిషాల ముల్లు పొడవు 70 మిల్లీమీటర్లు కాబట్టి 20 సెకన్లంటే కొన దగ్గర రెండు మిల్లీమీటర్ల పైమాటే, కంటికి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. వెల్స్ నవలలో యాత్రికుడు తిరిగి వచ్చినప్పుడు యంత్రం ప్రయోగశాలలో బయలుదేరిన మూలన కాక ఎదుటి మూలన ఆగుతుంది; భవిష్యత్తులో దానిని ఎవరో ఎంత దూరం లాగారో అంత దూరం తేడా. నా గడియారంలో లాగినవాళ్లు ఎవరూ లేరు. రోలరు వ్యాసం నొక్కుకన్నా చిన్నది కావడంతో అది లోపల అటో ఇటో ఒక పక్కకు ఒరిగి కూర్చుంటోంది, అంతే. నొక్కు రెండు గోడలనూ ఒకేసారి తాకేటంత పెద్ద రోలరు చేయగానే తేడా 5 సెకన్ల లోపుకు వచ్చింది.

రెండో చిక్కు ముల్లు బరువు. ఇత్తడి ముల్లు విసురుగా వచ్చి ఇంటి దగ్గర రెండు మూడు సార్లు ఎగిరి గాని ఆగడం లేదు. 0.4 మిల్లీమీటర్ల ఉక్కు రేకు నుంచి, నడుమ ఖాళీ ఉంచి, కొత్త ముళ్లు కోశాను. ఎగరడం ఆగింది.

పదిహేడో వారం

ఇప్పుడు నిబంధన సంగతి. రోలరు ఎత్తకుండా కేవలం ముల్లును పట్టి తిప్పినా యంత్రం పని చేస్తుంది కదా, రోలరు తనంత తానే అంచు మీద దొర్లుతుంది కదా అని, ఎత్తే ఏర్పాటును వాయిదా వేశాను. ప్రయాణం జరిగే నలభై సెకన్లూ టైమ్‌గ్రాఫర్ మీద బ్యాలెన్స్ ఊపు 265 నుంచి 190 డిగ్రీలకు పడిపోతూ, లేస్తూ, మళ్లీ పడిపోతూ కనబడింది. రోలరు అంచు ఎక్కేటప్పుడు హార్ట్ క్యామ్‌ను ఒక దిక్కుకు నెడుతుంది, దిగేటప్పుడు ఎదురు దిక్కుకు తోస్తుంది. ఆ తోపులాట మొత్తం సమయం నడిపే చక్రాల మీదే పడుతుంది. ప్రయాణం పోయినవాడు ఇంట్లోవాళ్లను పీడించినట్టయింది.

రెండు సెకన్ల ముళ్లుండే స్టాప్‌వాచీలలో ఇదే వ్యాధికి ఐసోలేటరు అనే మందు చాలా కాలంగా ఉంది. నా గడియారంలో దానిని శంకువు ఆకారపు ఉంగరంగా చేశాను: మీట నొక్కగానే ఆ ఉంగరం ముల్లు గొట్టం వెంట జరిగి, రోలరు చేతి కింద దూరి, దానిని బిళ్లకు అరమిల్లీమీటరు దూరంగా ఎత్తి పట్టుకుంటుంది. రాయడానికి ఒక్క వాక్యం, చేయడానికి పదహారు రోజులు, మూడు పాడైన ఉంగరాలు. ఇప్పుడు ప్రయాణం మొదలైనా, నడుస్తున్నా, ముగిసినా ఊపు 262 కన్నా కిందికి పోవడం లేదు.

పద్ధెనిమిదో వారం

ముందుకు, వెనక్కి అన్న తేడా తేవడానికి కొత్తగా కనిపెట్టవలసింది ఏమీ లేకపోయింది. లేత్ యంత్రంలో లీడ్ స్క్రూ (పనిముట్టును జరిపే పొడవాటి మర) దిశ మార్చే టంబ్లర్ చక్రాలను రోజూ చూసేవాడిని కనుక అవే చిన్నవి చేసి పెట్టాను. ఒక మీటకు ఒక చక్రం మధ్యలో వస్తుంది, రెండో మీటకు రెండు వస్తాయి.

తిరుగు ప్రయాణంలో మూడు పనులు వరస తప్పకుండా జరగాలి. మొదట ప్రయాణపు డబ్బా ఆగాలి, తరువాత టంబ్లర్ చక్రం ముళ్ల గొట్టాల నుంచి విడిపోవాలి, చివర రోలర్లు దిగాలి. రెండోది కాకముందే మూడోది జరగడంతో గంటల గొట్టం మీది చిన్న చక్రానికి ఒక పన్ను విరిగింది. ఈ మూడు పనులు చేసే లోపలి మీటలకు ఒకే ఇరుసు మీద మూడు క్యామ్‌లు పెట్టి, బొత్తాం నొక్కినప్పుడు అవి ఒకదాని వెనక ఒకటి పనిచేసేలా మార్చాను. విరిగిన పన్ను చోట గాడి కోసి, ఇత్తడి ముక్క దిగ్గొట్టి, వెండి మాటు వేసి, మళ్లీ పన్నుగా అరగదీశాను. వెతికి చూస్తే ఆ మాటు గీత కనబడుతుంది, దానిని దాచలేదు.

ప్రయాణ వేగాన్ని అదుపులో పెట్టేది పాటల పెట్టెల్లో ఉండే రెక్కల చక్రం లాంటిదే. గాలి ఎదురు తోపు వేగం వర్గంతో పెరుగుతుంది, అందుచేత స్ప్రింగు బలం సగానికి తగ్గినా వేగం ముప్పై శాతమే తగ్గుతుంది. మొదటి డయలు ఒక చుట్టు మొదట్లో 3.3 సెకన్లు, చివర్లో 4.7. నలభై సెకన్లలో పది చుట్లు, అంటే 10,000 రోజులు. ఒక్క కీతో ఇరవై ఏడేళ్ల పైచిలుకు.

ఇరవయ్యో వారం

ఆ ఇరవై ఏడు అన్న సంఖ్య చూసి చాలాసేపు పని ఆపి కూర్చున్నాను. భాగవతం నవమ స్కంధంలో రైవతుడు కూతురు రేవతికి తగిన వరుణ్ణి అడుగుదామని ఆమెను వెంటబెట్టుకొని బ్రహ్మలోకానికి వెళతాడు. అక్కడ పాట జరుగుతుంటే అది ముగిసేదాకా ఆగుతాడు. ఆ కాసేపట్లో భూమి మీద ఇరవై ఏడు మహాయుగాలు గడిచిపోతాయి. తాను మనసులో అనుకున్న వరులు, వారి మనుమలు, వారి వంశాలు కూడా మిగలవు. బలరాముడికి పిల్లనివ్వమని బ్రహ్మ చెబుతాడు. కాలయాత్ర కథల్లో వెళ్లినవాడు తిరిగొచ్చినా తన కాలానికి తిరిగి రాలేకపోవడం గురించి ఇంతకన్నా పాత లెక్క నాకు తెలియదు.

మహాయుగానికి 43,20,000 సంవత్సరాలు. ఇరవై ఏడు మహాయుగాలకు 11,66,40,000 సంవత్సరాలు, సుమారు 4,260 కోట్ల రోజులు. నాలుగు డయళ్ల మీద ఈ దూరం ఎక్కడ పడుతుందో చూశాను. మూడో డయలు 42 చుట్లు దాటి తిరగాలి. నాలుగో డయలు మీద అది 15.3 డిగ్రీల దగ్గర పడుతుంది. అక్కడ పేరు లేకుండా ఒక వెండి చుక్క పొదిగిస్తున్నాను. నా యంత్రంతో అక్కడికి చేరాలంటే 42 లక్షల 60 వేల సార్లు కీ ఇవ్వాలి, ఆగకుండా నడిపినా అయిదేళ్లకు పైగా పడుతుంది.

ఇక్కడే ఒక పెద్ద ప్రశ్న వచ్చింది. ఒక డయలు నుంచి తరువాతి డయలుకు పదికి ఒకటి చొప్పున మూడు మెట్లు. మూడు జతల డయళ్ల మధ్య తొమ్మిది చక్రాలు, తొమ్మిది పినియన్లు. ఆఖరి మూడు చక్రాలు నిజంగా కావాలా? పళ్ల మధ్య 0.05 మిల్లీమీటర్ల సందు తప్పదు. 2.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధమున్న పినియను ఆ సందు దాటడానికే 1.15 డిగ్రీలు తిరగాలి. మూడో డయలు ఒక ప్రయాణానికి కదిలేది 0.0036 డిగ్రీలు. మొదటి మెట్టు సందు నిండడానికి 318 ప్రయాణాలు, రెండో మెట్టుకు అంతకు పదింతలు, మూడో మెట్టుకు మరో పదింతలు. మొత్తం 35 వేలకు పైగా. రోజుకు మూడు ప్రయాణాలు చేసినా నాలుగో డయలు ముల్లుకు వార్త అందడానికే ముప్పై రెండేళ్లు పడుతుంది. అమెరికా శిల్పి ఆర్థర్ గాన్సన్ చేసిన యంత్రం ఒకటి ఉంది: యాభైకి ఒకటి చొప్పున వేగం తగ్గించే పన్నెండు వర్మ్ గేర్లు (మర చుట్టుతో తిరిగే పళ్ల చక్రాలు) వరసగా పెట్టి, ఒక చివర మోటారు తిప్పుతూ, రెండో చివరి ఇరుసును కాంక్రీటు దిమ్మలో పాతేశాడు, మోటారు హాయిగా తిరుగుతూనే ఉంటుంది.

ముల్లును డయలుకు అతికించేస్తే మూడు చక్రాల పని తప్పుతుంది, ఎవరికీ తెలియదు. మాస్టారు కూడా అదే సలహా ఇచ్చారు. రెండు రోజులు ఊగిసలాడి, చివరికి మూడు చక్రాలూ కోశాను. గాజు వెనక కనబడే యంత్రంలో అబద్ధం చెప్పే ముల్లు ఒకటి ఉంటే, మిగతా ముళ్ల మాట మీద నాకే నమ్మకం ఉండదు.

మొదటి రెండు డయళ్ల ముళ్లు తిరుగు బొత్తాంతో సున్నాకు వస్తాయి. మూడో దానికి, నాలుగో దానికి ఆ ఏర్పాటు పెట్టలేదు. అవి గడియారం జీవితకాలంలో చేసిన ప్రయాణాలన్నిటినీ కూడుకుంటూ పోతాయి, వెనక్కి పోయినవి తీసివేతలు. మూడో డయలు మీద వంద గీతలున్నాయి. ఒక గీతకు వెయ్యి ప్రయాణాలు.

ఇరవై మూడో వారం

అలంకరణ గురించి క్లుప్తంగా. అడుగు పీఠం బిద్రీ పని. తుత్తునాగం ఎక్కువగా, రాగి కొద్దిగా కలిపిన పోత మీద మొదట మైలుతుత్తం నీళ్లు పూసి తాత్కాలికంగా నల్లబరచి, దానిపై నక్షత్రాల నమూనా గీసి, సన్నని ఉలితో చెక్కి, గాడుల్లో వెండి తీగ దిగ్గొట్టారు. ఆ తరువాత బీదరు కోట మట్టిని నవాసాగరంతో కలిపి, కొద్దిగా వేడిచేసిన పోత మీద రుద్దితే లోహం కారునలుపుకు తిరిగింది, వెండి తెల్లగా అలాగే ఉంది. ఎన్నిసార్లు చూసినా ఆ క్షణం గారడీలాగే ఉంటుంది. పని చేసిన ఉస్తాద్‌గారు నా నక్షత్రాల్లో మూడింటిని, వరస బాగాలేదని, చెప్పకుండానే జరిపేశారు. ఆయన జరిపినవే బాగున్నాయి.

వెల్స్ మీటలకు దంతం ఉంది. మనకు అది చట్టవిరుద్ధం, కావాలని కూడా లేదు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్ మీద తిప్పి, పసుపు ఛాయ తగిలీ తగలని లేత లక్క పూయించాను. చేతికి దంతంకన్నా వెచ్చగా ఉన్నాయి.

ముళ్లకు నీలం రంగు కాల్పుతోనే వచ్చింది. ఇత్తడి రజను నింపిన పళ్లెంలో పాలిష్ చేసిన ఉక్కు ముల్లును పరిచి కింద మంట పెడితే గడ్డి రంగు, గోధుమ, వంకాయ రంగు దాటి 295 డిగ్రీల ప్రాంతంలో నెమలి కంఠపు నీలం వస్తుంది. అక్కడ రెండు సెకన్లు ఆలస్యమైతే బూడిద రంగులోకి జారిపోతుంది. అయిదు ముళ్లు కాలిస్తే రెండు ఒకే ఛాయలో కుదిరాయి.

ఇరవై ఆరో వారం

పరీక్షలు. ప్రయాణాలన్నీ ముందుకు మీటతోనే చేస్తూ, ప్రతి రాకకూ రెండు ముళ్ల తేడా పుస్తకంలో రాశాను. మొదటి 136 ప్రయాణాల్లో నిమిషాల ముల్లు తేడా 5 సెకన్లు దాటలేదు. 137వ సారి గంటల ముల్లు రాలేదు. అసలు సమయం 11 దాటింది, ముల్లు 5 దాటి నింపాదిగా నిలబడి ఉంది. బల్లను వేలితో తట్టగానే ఉలిక్కిపడినట్టు కదిలి ఇంటికి వచ్చింది.

విప్పి చూస్తే సంగతి తెలిసింది. సరిగ్గా ఆరు గంటల దూరంలో రోలరు హార్ట్ క్యామ్ కొన మీద దిగుతుంది. అటు జారాలా ఇటు జారాలా అన్నది అక్కడ నిర్ణయం కాదు. పాలిష్ మోజులో నేను ఆ కొనను దాదాపు 0.3 మిల్లీమీటర్ల మేర గుండ్రంగా చేసేశాను, రోలరుకు అక్కడ కూర్చునే చోటు దొరికింది. నిమిషాల ముల్లు ఎప్పుడూ విసురు మీద ఉంటుంది కాబట్టి దానికి ఈ తంటా రాలేదు. గంటల ముల్లు నెమ్మదస్తురాలు. సాన రాయితో కొనను కత్తి అంచులా చేసి, ఒక పక్కకు వెంట్రుకవాసి ఒంచాను.

ఆ తరువాత 363 ప్రయాణాలు చేశాను. ఒక్కసారీ ఆగలేదు. రోజువారీ తేడా ఇప్పుడు 6 సెకన్ల తొందర. వెనక్కి మీట పరీక్ష వచ్చే వారం.

మొత్తం 500 ప్రయాణాలయ్యాయి కనుక మూడో డయలు ముల్లు అర గీత జరగాలి. భూతద్దం కింద పెట్టి కొలిచాను. అర గీతకు కొంచెం తక్కువ జరిగింది. లెక్క వేస్తే ఆ తక్కువ 35 ప్రయాణాల దూరం, రెండో డయలుకూ మూడో డయలుకూ మధ్య ఉన్న మూడు మెట్ల పళ్ల సందులు మింగినంత. నాలుగో డయలు ముల్లు కదలలేదు.